లుక్ ఆఫ్టర్, ఒక చెంచా ఉగాది పచ్చడి

నా ఉద్యోగ జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన ఇంగ్లీషు మాట ‘లుక్ ఆఫ్టర్’. ఒకే ఏడాదిలో, ఒకే ఆఫీసు నుంచి, నా పేరున వచ్చిన రెండు కాగితాల్లో ఆ మాట ఉంది. మొదటి కాగితం నన్ను హాస్టలు చూసుకోమంది. రెండో కాగితం ఎందుకు చూసుకోలేదో మూడు రోజుల్లో చెప్పమంది. ఆ రెంటికీ మధ్య నేను చేసిందల్లా పిల్లల చేతుల్లో ఒక్కో చెంచా ఉగాది పచ్చడి వేయడమే.

మొన్న మా వీధిలో ఒకమ్మాయి టీచరు ఉద్యోగం వచ్చిందనీ, భద్రాచలం అవతల అడవిలో వేశారనీ కళ్ళనీళ్ళతో వచ్చింది. ఆర్డరు నా చేతిలో పెట్టి, “ఆడ ఎట్ల ఉండాలె అమ్మమ్మా” అంది. బొట్టు పెట్టి, ధైర్యం చెప్పి పంపాను గానీ చెప్పాల్సింది చెప్పలేకపోయాను. అది ఆమెకూ, ఆమె వంటి మీకూ ఇప్పుడు రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. సత్తుపల్లి దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో ఆడపిల్లను బడికి పంపే అలవాటు లేదు. పొద్దున పూజ అయ్యాక మా తాతయ్య ఆ పీట మీదే నన్ను కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు, అట్టలు ఊడిపోయిన ఒక ఇంగ్లీషు రీడరు చెప్పారు. వ్యాకరణం పుస్తకం మా ఇంట్లో లేదు. ఆయన వ్యాకరణమంతా పశువుల కొట్టంలోంచి వచ్చేది. “ఇంగ్లీషులో క్రియ ఎద్దులాంటిదమ్మా. ఎద్దు ఒక్కటే. అరకకు కడితే దున్నుతుంది, బండికి కడితే లాగుతుంది, గానుగకు కడితే తిరుగుతుంది. పక్కన ఏం కట్టారో అది చూడు” అనేవారు. ‘లుక్’కు ‘యట్’ కడితే చూడటం. ‘ఫర్’ కడితే వెతకడం. ‘ఇంటూ’ కడితే ఆరా తీయడం. ‘డౌన్ అపాన్’ కడితే చిన్నచూపు చూడటం. ‘ఆఫ్టర్’ కడితే కనిపెట్టుకుని ఉండటం. ఆ చదువుతోనే ప్రైవేటుగా మెట్రిక్ కట్టాను, ట్రైనింగు చేశాను. అడవిలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. రాముడి కొండకు దగ్గర అని సంతోషించాను. నా పూజ ఆయన వినబట్టే అక్కడ వేశారనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను, కాకపోతే ఎందుకు వేశాడో అన్నది మాత్రం అప్పుడు తెలియలేదు.

ఇంకా మండలాలు రాని రోజులు అవి. భద్రాచలంలో బస్సెక్కితే గంటన్నర, దిగాక మైలున్నర నడక. పెంకుటింటి వరసలో నాలుగు గదులు బడి, రెండు గదులు హాస్టలు. అరవై మంది పిల్లలు, దాదాపు అందరూ చుట్టుపక్కల కోయగూడేల వాళ్ళు. కోస్తా వైపు నుంచి వచ్చిన హెడ్మాస్టరు గారు ఒకరు. పులికి భయపడేవారు కాదు, కాగితానికి భయపడేవారు. వంటామె ఒకరు, పక్క గూడెం మనిషి, పిల్లలు అవ్వ అని పిలిచేవాళ్ళు, నేనూ అవ్వ అనేదాన్ని. వార్డెను గారు జబ్బుపడి ఖమ్మం దవాఖానాలో చేరితే, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా హాస్టలును నేను ‘లుక్ ఆఫ్టర్’ చేయాలని మొదటి కాగితం వచ్చింది. హెడ్మాస్టరు గారు దాన్ని రెండుసార్లు చదివి, “మొత్తానికి మీ నెత్తిన పడిందండీ” అని నవ్వారు.

ఆ వారమే ఏడో తరగతికి ఆ పాఠం చెప్పాను. అదంతా ఒకే ఎద్దు అని తాతయ్య చెప్పినట్టే చెప్పి, బోర్డు మీద వరసగా రాశాను. వెనక వరసలో ఒక పిల్ల లేచింది. వాళ్ళ గూడెం నుంచి ఏడో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అది. మాట తక్కువ, అడిగితే మాత్రం గుచ్చినట్టు అడిగేది.

“ఆఫ్టర్ అంటే తర్వాత గదా టీచర్. తర్వాత చూసుడు అంటే, ఇప్పుడు చూడకపోవుడా?”

అందరూ నవ్వారు. “తెలుగులో మాత్రం? చూడటం వేరు, చూసుకోవడం వేరు. మీ చెల్లెల్ని ఇంటి దగ్గర ఎవరు చూసుకుంటారు?” అన్నాను.

“నేనే.”

“అయితే ఐ లుక్ ఆఫ్టర్ మై సిస్టర్. రాయి.”

ఆ పిల్ల నోటుపుస్తకం వంక చూసింది, రాయలేదు. “నేను ఈడ ఉన్న గదా. మా అమ్మ దాన్ని ఎత్తుకునే ఇప్పపువ్వుకు పోతది. గట్ల రాస్తే అబద్ధం గాదా టీచర్?”

“సెలవుల్లో నిజమవుతుందిలే, రాయి” అన్నాను. పరీక్షకు సిద్ధం చేసే తొందర నాది. రాసింది గానీ, ఆ వాక్యం నచ్చినట్టు దాని ముఖం చూస్తే అనిపించలేదు.

ఏడో తరగతికి అప్పట్లో జిల్లా అంతటా ఒకటే పరీక్ష. పైకి వెళ్ళాలంటే అది దాటాలి. పరీక్షకు రెండు వారాల ముందు ఉగాది వచ్చింది. అమ్మానాన్నలకు దూరంగా ఉన్న పిల్లలకు పండుగ లోటు రాకూడదని నేను ముందురోజే భద్రాచలం నుంచి బెల్లం తెప్పించాను. వేపపువ్వు బడి ముంగిట్లోనే ఉంది. చింతపండు పిసికి, హాస్టలు వెనక చెట్టుకు అప్పుడప్పుడే పడుతున్న మామిడి పిందెలు నాలుగు కోయించాను. టెంక ఇంకా కట్టలేదు, కత్తి సాఫీగా దిగిపోయింది. 

అవ్వ పొయ్యి దగ్గర నుంచి చూస్తూ, “పిల్లలకు మామిడి ముక్క వద్దమ్మా” అంది.

“ఎందుకు అవ్వా?”

“గూడెంల ఇంకా పండుగ చెయ్యలె.”

“పండుగ ఈరోజే కదా. దేవుడికి పెట్టి పంచుతాను, దోషం ఏముంటుంది?”

అవ్వ నా వంక ఒక చూపు చూసి, “మీ ఇష్టం” అని మళ్ళీ పొయ్యిలోకి ఊదింది. ఆ చూపు అర్థం నేను అడగలేదు. భక్తి ఉన్నవాళ్ళకు ఒక్కోసారి ఇదే జబ్బు. మన దేవుడు ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే అనుకుంటాం.

రాముడి పటం ముందు పెట్టి, పిల్లలను వరసగా నిలబెట్టి, చేతిలో ఒక్కో చెంచా వేశాను. ఆ ఏడో తరగతి పిల్ల తన వంతు అరచేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. “మింగు తల్లీ, ఏడాదంతా మంచి జరుగుతుంది” అన్నాను. నా ముఖం చూసి మింగింది. నేను పెట్టాను కాబట్టి తిన్నది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను దాటలేని మాట ఇదొక్కటే.

ఆ సాయంత్రం సగం మంది అన్నం ముట్టలేదు. మర్నాడు ఆ పిల్ల గూడెం నుంచి తండ్రులు వచ్చారు. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. పన్నెండు మంది పిల్లల రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని పిల్లలతో వెళ్ళిపోయారు. అప్పుడు అవ్వ చెప్పింది. కొత్తగా కాసింది ఏదైనా గూడెం అమ్మవారికి పెట్టనిదే వాళ్ళు నోట వేసుకోరు. చిక్కుడుకాయకైనా, సామలకైనా, మామిడికైనా అంతే. దానికి పెద్దలు రోజు పెట్టి ‘కొత్త’ చేస్తారు. ముందే తిన్నవాళ్ళు ఆ పండుగ అయ్యేదాకా గూడెం పొలిమేర దాటకూడదు. అన్ని గూడేలలోనూ ఇలాగే ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆ గూడెంలో మాత్రం అంతే.

చిన్నపిల్లలు నెల తర్వాత వచ్చినా నష్టం లేదు. ఏడో తరగతి పిల్లకు మాత్రం పరీక్ష పోతే చదువే పోతుంది. ఒక ఏడు ఇంట్లో ఉన్న ఆడపిల్ల మళ్ళీ పెట్టె నెత్తిన పెట్టుకుని బడికి రావడం నేను ఎక్కడా చూడలేదు.

“మామిడికాయ ఎందుకండీ మీకు? చింతపండుతో ఊరుకోలేకపోయారా?” అన్నారు హెడ్మాస్టరు గారు. తర్వాత మెల్లగా, “ఆబ్సెంట్ వేసేద్దాం లెండి. అడవిలో పిల్లలు రావడం, పోవడం మామూలే” అన్నారు. ఆయన అన్నది నన్ను ఆదుకోవడానికే. ఆ రాత్రంతా ఆ పిల్ల అరచేయే నా కళ్ళముందు ఉంది.

మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని గూడెం నడిచాను. ఐదు మైళ్ళు. గూడేనికి పెద్ద, కొత్త చేసే మనిషి, ఆ పిల్ల తాతే. ఇంటి ముందు నార పేనుతూ కూర్చున్నాడు. చుట్టూ నలుగురైదుగురు పెద్దలు. ఆ పిల్ల గుమ్మంలో చెల్లెల్ని చంకనేసుకుని నిలబడి ఉంది.

“కూసో టీచరమ్మా. నీళ్ళు తాగు” అన్నాడు.

“పిల్లది తప్పు లేదు తాతా. పెట్టింది నేను.”

“ఎరికే. ఎవలు పెట్టినా తిన్నది దాని నోరే గదా.”

“ఆరు రోజులు పంపండి. పరీక్ష రాసి నేరుగా వచ్చేస్తుంది.”

“కొత్త అయినంక పోతది.”

“అప్పటికి పరీక్ష అయిపోతుంది. ఆ కొత్త ఏదో నాలుగు రోజులు ముందు చేయకూడదా?”

ఆయన నార పక్కన పెట్టాడు. “మామిడికాయకు టెంక కట్టాలె. నీ పరీక్ష ఉన్నదని జల్దీ కడ్తదా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్నే. ఆయన మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ అడిగాడు.

“నువ్వు గూడ తిన్నవా?”

“తిన్నాను.”

“మరి నువ్వెట్ల తిరుగుతున్నవ్?”

పెద్దలు వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకాయన చెయ్యి ఊపి కాదన్నాడు, ఇంకొకాయన ఆ పిల్లను చూపించాడు. చివరకు తాత తెలుగులోకి వచ్చాడు. “మీరిద్దరు తిన్నోళ్ళే. పెట్టినదానివి నువ్వు, తిన్నది అది. అమ్మ అడిగితే చూపెట్టనీకి ఒకరు ఈడ ఉండాలె. దాన్ని పోనీ. అదొచ్చేదాక నువ్వుండు.”

“తాతా, టీచర్‌ను ఉంచుతరా?” అంది గుమ్మంలోంచి ఆ పిల్ల.

“ఏం, ఇప్పపువ్వు ఏరరాదా టీచరమ్మకు? నేర్పుతం” అన్నాడు తాత. ఈసారి ఆయనా నవ్వాడు.

వెనక్కి వచ్చి హెడ్మాస్టరు గారికి సెలవు చీటీ ఇచ్చాను. జరిగింది చెప్పాను. ఆయన నా వంకా, చీటీ వంకా చూసి, “సరే, హాస్టలు నేను చూసుకుంటాను. వెళ్ళిరండి” అన్నారు. పరీక్ష రేపనగా సెంటరుకు పిల్ల వెంట అవ్వ వెళ్ళింది. నేను రెండు చీరలు, విష్ణు సహస్రనామం పుస్తకం, కొంచెం బియ్యం సంచిలో వేసుకుని గూడేనికి వెళ్ళాను. పొలిమేర దగ్గర మేమిద్దరం ఎదురుపడ్డాం. ఆ పిల్ల తన చెల్లెల్ని నా చేతుల్లో పెట్టి, “ఇప్పకాడ దీన్ని కింద దించకుండ్రి టీచర్, పువ్వు తింటది” అని చెప్పి వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున చుక్కలు ఇంకా ఉండగానే ఆ పిల్ల తల్లి నన్ను లేపేది. ఇప్పచెట్టు కింద పువ్వు రాలే చప్పుడు మెత్తగా వినబడేది. ఎలుగుబంట్లు కూడా ఆ పువ్వు కోసం వస్తాయని ముందు కేకలు వేసి, తర్వాత వంగి ఏరేవాళ్ళు. నేను చంటిదాన్ని వీపుకు కట్టుకుని ఏరేదాన్ని. వాళ్ళ బుట్ట నిండేసరికి నా బుట్టలో అడుగు కనబడేది. “టీచరమ్మ ఒక్కో పువ్వుకు సున్నా చుట్టి లెక్క చెప్తున్నది” అని ఆ తల్లి తోటివాళ్ళకు చెప్పి నవ్వేది. పగలు పువ్వు ఆరబోసి, మేకలు రాకుండా కాపలా. నా అన్నం నేను వేరే కుండలో వండుకుంటే ఎవరూ ఏమీ అనలేదు. మూడు రాళ్ళు, కుండ, ఎండుపుల్లలు అన్నీ అడగకముందే వచ్చేవి. ఆ ఇంటి ఋణం ఏ జన్మకు తీరుతుందో నాకు తెలియదు.

మూడో రోజు అన్నం దించి, కళ్ళు మూసుకుని, రాముడికి చూపించి తినబోతుంటే తాత అడిగాడు.

“కండ్లు మూసుకుని ఏమంటవ్?”

“ముందు ఆయనకు పెట్టి, తర్వాత మేం తింటాం తాతా.”

“మరి మేం చెప్తున్నది గదే గదా” అన్నాడు, ఆశ్చర్యపోతూ. “ఇంత దూరం నడిసొచ్చి తెలుసుకున్నవా?”

నేను ముద్ద మళ్ళీ ఆకులో పెట్టేశాను. చిన్నప్పటి నుంచి నైవేద్యం పెట్టనిదే మంచినీళ్ళు తాగని నాకు ఆ మాట ఇంకొకరు చెప్పాల్సివచ్చింది.

ఏడో రోజు మధ్యాహ్నం అవ్వ, ఆ పిల్ల వచ్చారు. చంటిది అక్కను చూసి చేతులు చాచలేదు, నా మెడ పట్టుకుంది. అక్క ముఖం చిన్నబుచ్చుకుంది, తర్వాత నవ్వింది.

“ఎలా రాశావ్?”

“లెక్కలు సగమే అయినయ్ టీచర్. ఇంగ్లీషుల సొంత వాక్యాలు అడిగిండ్రు. లుక్ ఆఫ్టర్ వచ్చింది.”

“ఏం రాశావ్?”

ఆ పిల్ల చేతులు కట్టుకుని, క్లాసులో నిలబడ్డట్టు నిలబడి చెప్పింది. “మై టీచర్ లుక్ ఆఫ్టర్ మై సిస్టర్.” తర్వాత తెలుగులో, “ఇది అబద్ధం గాదు గదా” అంది.

నడుమ ‘ఈజ్’ పోయింది, ‘లుక్’ చివర ‘ఇంగ్’ పోయింది. తప్పు కనబడితే చేతిలో ఎర్ర పెన్సిలు ఉన్నట్టే ఉండే మనిషిని నేను. ఆ తప్పు మాత్రం దిద్దలేదు.

బడికి వచ్చేసరికి రెండో కాగితం కోసం రంగం సిద్ధమై ఉంది. నాలుగో రోజున జీపులో ఆఫీసరు వచ్చారట. అవ్వ లేదు, నేను లేను. పెద్ద క్లాసు పిల్లలే వండిన పప్పు నీళ్ళలా ఉంది. ఒక చిన్నపిల్ల జ్వరంతో గోడవారగా పడుకుని ఉంది. నా సెలవు చీటీ హెడ్మాస్టరు గారి సొరుగులోనే ఉంది. ఆఫీసరును చూడగానే ఆయన “ఎక్కడికో వెళ్ళారండీ” అన్నారట. నా దగ్గర ఆయనే ఒప్పుకున్నారు, తల వంచుకుని. చెడ్డవారు కారు. భయం మనిషి చేత పలికించే మాటలు అవి.

హాస్టలును ‘లుక్ ఆఫ్టర్’ చేయడంలో ఎందుకు విఫలమయ్యారో తెలపండి అన్న ఆ కాగితం నన్ను ఏడిపించింది గానీ, అందులో అబద్ధం లేదు. ఒక్క పిల్లను చూసుకోబోయి నలభై ఎనిమిది మందిని వదిలి వెళ్ళాను. ఆ జ్వరం పిల్ల నుదురు నేను తాకలేదు. ఎద్దు ఒక్కటే, రెండు బళ్ళకూ ఒకేసారి కట్టలేకపోయాను. సంజాయిషీలో నాలుగు పేజీలు రాస్తే హెడ్మాస్టరు గారు చదివి, “ఇదంతా ఎవరు చదువుతారండీ? ఐ రిగ్రెట్ అని ఒక్క ముక్క రాయండి” అన్నారు. అదే రాశాను. హెచ్చరించి వదిలేశారు. బడులు తెరిచేసరికి తిరుమలాయపాలెం వైపు బదిలీ చేశారు.

బదిలీకి ముందే ఆ గూడెంలో మామిడి కొత్త అయింది. కబురు పంపితే వెళ్ళాను. టెంక కట్టిన కాయ కోసి, అమ్మకు పెట్టి, మొదటి ముక్కలు మా ఇద్దరికీ ఇచ్చారు. తాత అన్నాడు: “ఇగ ఏ ఏడైనా మా కొత్త అయిందాక మామిడి ముట్టకు టీచరమ్మా.”

“అంత దూరం వెళ్ళాక నాకెలా తెలుస్తుంది తాతా?”

“నేను కార్డు రాస్త” అంది ఆ పిల్ల.

రాసింది. పరీక్షలో లెక్కలు గట్టెక్కి పై చదువుకు వెళ్ళింది. ప్రతి ఏడూ చైత్రమో వైశాఖమో, నేను ఎక్కడ ఉంటే అక్కడికి ఒక కార్డు వచ్చేది. ‘టీచర్‌గారికి నమస్కారం. కొత్త అయింది. తినుండ్రి.’ ఎప్పుడైనా ఇంకో వరస ఉండేది. చెల్లె బడికి పోతున్నదని ఒకసారి. తాత పోయిండు, ఇప్పుడు చిన్నాయన చేస్తున్నడని ఒకసారి. ఆ కార్డు చేతిలో పెట్టుకుని, రాముడికి చూపించి, అప్పుడు తినేదాన్ని. తొమ్మిది కార్డులు వచ్చాయి. పదో ఏడు రాలేదు, అప్పటి నుంచి నేను మామిడి ముట్టలేదు.

రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది నా దగ్గరికే తిరిగి వచ్చింది. వెళ్ళి కనుక్కోవలసింది. ఆ ఏడాది ఇంట్లో ఆయనకు బాగోలేదు, ఆ తర్వాత ఏడాది ఇంకేదో. ఇవన్నీ నిజాలే, కానీ వెళ్ళలేదన్నదే అన్నిటికంటే నిజం. పెళ్ళయి దూరం పోయిందో, ఉద్యోగమే వచ్చిందో, ఎక్కడో పిల్లలకు పాఠం చెబుతోందేమో. చెల్లెలికి ఇప్పుడు పిల్లలు పుట్టి ఉంటారు. నా మెడ పట్టుకున్న ఆ చేతుల మెత్తదనం ఒక్కోరోజు పూజలో కూర్చుంటే తెలుస్తుంది.

అందుకే కొత్తగా ఉద్యోగానికి వెళ్ళే తల్లులారా, ఒక్కటే చెబుతాను. పిల్లల చేతిలో ఏది పెట్టాలన్నా ముందు వాళ్ళ పొయ్యి దగ్గరి మనిషిని అడగండి. ‘మీ ఇష్టం’ అన్నదంటే ఆగిపోండి.

మా ఇంటి ఉగాది పచ్చడికి అయిదే రుచులు. వగరు ఉండదు. “చుట్టుపక్కలోళ్ళు ఏమనుకుంటరు అత్తయ్యా” అని కోడలు మొదట్లో అనేది, ఇప్పుడు అనదు. మామిడి ముక్కలు వేరే గిన్నెలో పెట్టి వాళ్ళవరకు కలుపుకుంటారు. తాతయ్య ‘లుక్’కు ఇంకో కాడి కూడా చెప్పారు, ‘ఫార్వర్డ్ టు’ అని. ఎదురుచూడటం. చిన్నప్పుడు అది నాకు ఎంత చెప్పినా గుర్తుండేది కాదు.

ఖమ్మంలో చైత్రం ఎండ పదింటికే మండుతుంది. అయినా పదకొండయ్యేసరికి గేటు దగ్గర నీడలో కుర్చీ వేసుకుంటాను. పోస్టుమాన్ సైకిలు ఆపకుండానే, “ఇయ్యాల గూడ లేదమ్మమ్మా” అంటాడు.

“ఇంకా టెంక కట్టలేదేమో నాయనా” అంటాను.